క్వెర్సెటిన్ పనిచేసింది, కానీ ఎలా పనిచేసిందో ఎలా తేల్చాలి?

ఎలుకలకు 4 వారాలు తాగే నీళ్ళలో కాడ్మియం క్లోరైడ్ (కాడ్మియం అనే విషపు లోహం ఉన్న లవణం) ఇచ్చి, ఒక గ్రూపుకి రోజూ నోటి ద్వారా క్వెర్సెటిన్ (ఉల్లిపాయల్లాంటి వాటిలో ఉండే యాంటీఆక్సిడెంట్ పదార్థం) కూడా ఇచ్చాను. కాడ్మియం ఒక్కటే ఇచ్చినవాటి కాలేయం పాలిపోయి మచ్చలు మచ్చలుగా ఉంది, కణాలను కాపాడే గ్లూటాథయోన్ అనే పదార్థం బాగా పడిపోయింది. క్వెర్సెటిన్ గ్రూపులో దాదాపు మామూలే. సంతోషమే, కానీ క్వెర్సెటిన్ లోహాలను పట్టుకుంటుంది కదా, పేగులోనే కాడ్మియాన్ని కట్టేసి ఒంట్లోకి పోకుండా ఆపిందేమోనని ఒకటే టెన్షన్. అలాగైతే యాంటీఆక్సిడెంట్ ప్రభావం అని రాయడం తప్పే. మైనస్ 80 ఫ్రీజర్‌లో దాచిన కిడ్నీల్లో కాడ్మియం ఎంత చేరిందో అటామిక్ అబ్సార్ప్షన్‌తో (లోహాల మోతాదు కొలిచే పద్ధతి) కొలిస్తే సరిపోతుందా, లేక పేగుతో పని లేకుండా కాడ్మియం ఇంజెక్షన్‌గా ఇచ్చి మళ్ళీ మొదలుపెట్టాలా? మళ్ళీ అన్ని ప్రాణాలు తియ్యడానికి మనసొప్పడం లేదు. ఈ పని చేసినవాళ్ళెవరైనా ఉంటే దయచేసి చెప్పండి.