అగ్నిశిఖా? అగ్నిశిఖమా?

డర్బన్ తెలుగు: ఇక్కడ డిసెంబరంటే ఎండలూ వానలూ కలిసే వస్తాయి. క్వాజులు-నటాల్ తీరంలో ఇసుకదిబ్బల పొదల మీద ఒక తీగ విరగబూసింది. ఆరు రేకులు, అడుగున పసుపు, పైన ఎరుపు, అంచులు అలలు తిరిగి, మొత్తం వెనక్కి విరుచుకుని నిలబడ్డాయి. ఆకు కొసలే నులితీగలై పక్క కొమ్మని పట్టుకున్నాయి. ఫ్లేమ్ లిలీ అంటారట. చూడగానే తాతయ్య వల్లె వేయించిన అమరం (అమరకోశం, పాత సంస్కృత పర్యాయపదాల నిఘంటువు) ముక్క నాలుక మీదికొచ్చింది: "...అగ్నిశిఖం కాకాంగీ కాకనాసికా". ముందు భాగం రావట్లేదు. పూరించండి. అసలిది మన దగ్గర్నుంచి ఇక్కడికొచ్చిందా?

పాత నిఘంటువు: "స్యాల్లాంగలిక్యగ్నిశిఖా". శిఖం కాదు బాబూ, శిఖా.

డర్బన్ తెలుగు: సున్నా అనే గుర్తు మాస్టారూ. తాతయ్య ముక్కుతో సాగదీసేవారు.

పాత నిఘంటువు: అది వేరే శ్లోకం. మనుష్యవర్గంలో "కాశ్మీరజన్మాగ్నిశిఖం", అంటే కుంకుమపువ్వు, నపుంసకం. మీ తీగ వనౌషధివర్గంలోది, స్త్రీలింగం. రెండుచోట్లా మాట పాదం చివరే పడింది, అందుకే నాలుక జారింది.

కందగడ్డ: ఛందస్సూ తీర్పు చెప్పదు. ఖా అయినా ఖం అయినా గురువే. తాతగారి పక్షాన నేనున్నాను.

మెట్ట రైతు: సంస్కృతం గొడవ సరే, మావైపు అది అడవినాభి. నాభి అంటే బొడ్డు కదా, దుంపకి బొడ్డేదీ? తవ్వి చూశా, నాగలిలా వంగి ఉంది. లాంగలి అని పేరు పెట్టినవాడు అరక పట్టినవాడే!

పాత నిఘంటువు: ఇక్కడ నాభి అంటే విషం. హిమాలయాల విషదుంప వత్సనాభి, దూడ బొడ్డు. మన నోట్లో వసనాభి అయింది. ఆ కొండ దుంప మనకి దొరకదు గనక, ఇక్కడి విషదుంపకి అడవి తగిలించి అదే పేరిచ్చారు, అడవిమొల్లలాగా.

వసపిట్ట: వత్స ఎందుకండీ? పిల్లలకి పోసే వసే ఆ "వస" అనేది మా అమ్మమ్మ.

కందగడ్డ: అమ్మమ్మగారికి నమస్కారం. వసనీ నాభినీ ఒకే డబ్బాలో పెట్టనంతవరకూ ఏ వ్యుత్పత్తైనా ఫరవాలేదు. అడవినాభి దుంపలో, గింజలో కాల్చిసిన్ అనే విషం ఉంటుంది. గౌట్ మందు అదే, మోతాదు మించితే ప్రాణం తీసేదీ అదే.
అన్నట్టు, నాభి అంటే కస్తూరి కూడా. మనుచరిత్రలో ఓ కందపద్యంలో పెద్దన కస్తూరి వాసనని "మృగమద సౌరభ" అన్నాడు గానీ "మృగనాభి" అనలేదు, గమనించారా?

పాత నిఘంటువు: అనలేడు. కందంలో గణానికి నాలుగే మాత్రలు, మృగనాభికి అయిదు.

కందగడ్డ: పెద్దనకి చోటు చాలకపోవడమా! ఆ పద్యంలో ముందు వాసన, తర్వాతే మగువ. మదం అన్న మాటే అక్కడ కావాలి. మాత్రలు లెక్కపెట్టి కవిత్వం తేల్చేస్తే ఎలా మాస్టారూ?

పాత నిఘంటువు: లెక్క తప్పని మదం గనకే నిలిచింది.

వృక్షశాస్త్రం పంతులమ్మ: పెద్దన గారిని కాసేపు కూర్చోబెట్టండి. డర్బన్ బాబూ, దాన్ని ఎవరూ అక్కడికి తేలేదు. లిన్నేయస్ 1753లో పేరు పెట్టిన గ్లోరియోసా సుపర్బా ఆఫ్రికాదీ, ఆసియాదీ కూడా. జాంబియా, జింబాబ్వే, మొజాంబిక్ మీదుగా మీ తీరం దాకా, ఇటు మన దేశం, శ్రీలంక, ఆగ్నేయాసియాల్లోనూ సహజంగానే పెరుగుతుంది. జింబాబ్వేకి జాతీయ పుష్పం, తమిళనాడుకి రాష్ట్ర పుష్పం. 1947లో దక్షిణ రొడీషియా బడిపిల్లలు ఎలిజబెత్ యువరాణికిచ్చిన వజ్రాల బ్రోచ్ ఈ పువ్వు ఆకారమే.
ఇక లాంగలి గురించి: పువ్వులో కీలం చూడండి, అండాశయం దగ్గరే విరిగినట్టు అడ్డంగా పక్కకి తిరుగుతుంది. నాగలి దుంపలో కాదు, అక్కడుందేమో!

మెట్ట రైతు: అమ్మా, నాగలి చూశారా ఎప్పుడైనా?

డర్బన్ తెలుగు: ఇప్పుడే వెళ్ళి చూశా. కీలం నిజంగానే అడ్డం తిరిగింది. దుంప మాత్రం తవ్వను. తాతయ్య పలికింది సున్నాయే మాస్టారూ.