నవంబర్ 1న బెంగళూరులో మనకేం పండగ?

బాల్కనీ తులసి (చర్చ మొదలుపెట్టింది)

మాది మహదేవపుర వైపు ఒక అపార్ట్‌మెంట్. మూడొందల పైచిలుకు ఫ్లాట్లు, సగానికి దగ్గరగా తెలుగువాళ్లే. నవంబర్ 1న కన్నడ రాజ్యోత్సవం, అంటే కర్ణాటక అవతరణ దినం, ఏటా బాగా చేస్తారు. పొద్దున్నే ఎరుపు పసుపు జెండా, పిల్లలతో నాడగీతె (కర్ణాటక రాష్ట్ర గీతం), ఆ తర్వాత వేడివేడి ఉప్పిట్టు, కేసరిబాత్. పోయినేడు మా తెలుగు గ్రూపులో ఎవరో అన్నారు, ఆ రోజే ఆంధ్రప్రదేశ్ అవతరణ దినం కూడా కదా అని. నేనే ఎగేసుకుని వెళ్లి ఫ్లెక్సీ చేయించాను. పై వరసలో కన్నడ శుభాకాంక్షలు, కింది వరసలో మన శుభాకాంక్షలు.

నేను చేసిన ఘనకార్యం ఏంటంటే, పై వరస కూడా ఫోన్‌లో తెలుగు కీబోర్డుతోనే కొట్టి పంపాను. ప్రింటు షాపు కుర్రాడు ఉన్నదున్నట్టు వేసేశాడు. 'రాజ్యోత్సవద హార్దిక శుభాశయగళు' అని మాట కన్నడం, అక్షరం తెలుగు. రాత్రి పదకొండింటికి గేటుకి కట్టేటప్పుడు ఒక్కరికీ తట్టలేదు. మన కళ్లు చదివేస్తాయి కదా! పొద్దున ఎనిమిదింటికల్లా అసోసియేషన్ వాళ్లు దించేశారు. 'కన్నడ పండగ రోజు కన్నడ అక్షరం కూడా మీకు బరువైందా' అని ఒక పెద్దాయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. మా ఆయన ఆ ఫ్లెక్సీని ఇప్పటికీ బాల్కనీలో ఎండ తగలకుండా వాడుతున్నారు, అది వేరే సంగతి.

ఈ ఏడు మళ్లీ అదే రగడ మొదలైంది. సగం మంది చేద్దామంటారు, సగం మంది వద్దంటారు. బెంగళూరులో ఉంటూ నవంబర్ 1న మన రాష్ట్రం పుట్టినరోజు చేసుకోవచ్చా? లేక వేరే తేదీ చూసుకోవాలా? తిట్టుకోకుండా చెప్పండి.

రాయదుర్గం బండి

చేయాల్సిందే అక్కా. అక్షరాల తప్పు దిద్దుకోండి, పండగ ఎందుకు మానాలి? 1956 నవంబర్ 1 ఒక్కరి సొత్తు కాదు. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం అమల్లోకి వచ్చిన రోజు అది. ఆంధ్రప్రదేశ్, కేరళ, కన్నడ ప్రాంతాలన్నీ కలిసిన పెద్ద మైసూరు, అన్నీ ఆ పొద్దే వచ్చాయి. మా ఆఫీసులో మలయాళీ ఆడవాళ్లు కేరళ పిరవి అని ముందురోజే జరీ అంచు తెల్లచీరల్లో వస్తారు. ఫోటోలకు అందరం నిలబడతాం. వాళ్లను ఎవరూ ఏమీ అనరే!

ఇంకో మాట. పొట్టి శ్రీరాములు గారు మద్రాసులో 1952 అక్టోబర్ 19న దీక్షకు కూర్చుని 58 రోజులకు, డిసెంబర్ 15 రాత్రి ప్రాణం వదిలారు. నాలుగు రోజులకే నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామన్నారు. ఆ దెబ్బకే మిగతా భాషల వాళ్లకూ కమిషన్ వేశారు. అంటే ఇవాళ ఇక్కడ ఎగిరే జెండాకు కూడా మనవాడి ప్రాణమే పునాది. ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

ముళబాగిలు చింతచెట్టు

రాయదుర్గం అన్నా, చివరి పేరా చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మాది కోలారు జిల్లా. ఎన్ని తరాలుగానో ఇంట్లో తెలుగే. మా అవ్వ భజన పాటలు తెలుగులో పాడేది, నోటుబుక్కులో కన్నడ అక్షరాల్లో రాసుకునేది. నేను తెలుగు లిపి నేర్చుకుంది పెళ్లయ్యాక, ఫోన్ పుణ్యమా అని. కాబట్టి నన్ను కన్నడ పక్షం అనొద్దు, తెలుగు పక్షం అనీ అనొద్దు.

శ్రీరాములు గారికి దండం. ఆయన త్యాగం దేశం పటాన్నే మార్చింది, నిజమే. కానీ కన్నడవాళ్లు అంతదాకా నిద్రపోతూ కూర్చున్నారా? ధారవాడలో కర్ణాటక విద్యావర్ధక సంఘం పెట్టింది 1890లో. మన ఆంధ్ర మహాసభ మొదటిసారి బాపట్లలో కూడింది 1913లో. ఆలూరు వెంకటరావు జీవితమంతా కన్నడ ప్రాంతాల ఏకీకరణ అనే తిరిగారు. వాళ్ల కష్టం మనకంటే చిక్కుగా ఉండేది. కన్నడం మాట్లాడేవాళ్లు మైసూరు, బొంబాయి, మద్రాసు, హైదరాబాదు, కొడగు, ఇలా చెల్లాచెదురుగా ఉన్నారు. అంతా కలిసినా పేరు మైసూరే. కర్ణాటక అనే మాట కోసం ఉత్తరం వైపు వాళ్లు ఇంకో 17 ఏళ్లు ఆగారు. 1973 నవంబర్ 1న దేవరాజ్ అరసు గారు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో పేరు మారింది. అంటే వాళ్లకు ఈ తేదీ రెండుసార్లు వచ్చిన పండగ. ఆ రోజు వాళ్ల గడపలో నిలబడి 'ఇది మావాడి చలవే' అంటే, పెళ్లింట్లో కూర్చుని అప్పు లెక్క తీసినట్టుంటుంది.

రెండో షిఫ్ట్

1973 నవంబర్ 1న మంగళూరులో ఐశ్వర్యా రాయ్ కూడా పుట్టింది. మైసూరు పేరు మారిన రోజే. నా ఓటు ఆ కార్యక్రమానికి.

ఓరుగల్లు దారి

అక్కా, మీ 'సగానికి దగ్గరగా తెలుగువాళ్లు' లెక్కలో మమ్మల్ని కూడా వేసేశారు. గ్రూపులో అందరూ తెలుగే మాట్లాడతారు, కరెక్టే. కానీ నాకు రాష్ట్రం పుట్టినరోజు అంటే జూన్ 2. 'తెలుగువాళ్ల అవతరణ దినం' అని చందా అడిగితే ఎట్లా ఇస్తాను?

నవంబర్ 1 మా ఇంట్లో ఎట్లా గుర్తుందో చెప్తాను. ఆ రోజు హైదరాబాద్ రాష్ట్రమే లేకుండా పోయింది. మరాఠ్వాడా బొంబాయిలో కలిసింది. బీదర్, గుల్బర్గా, రాయచూరు మైసూరులో కలిశాయి. తెలంగాణ ఆంధ్రలో కలిసింది. మా నాయనమ్మ పుట్టిల్లు బీదర్ దగ్గర. 'పండుకునేటప్పుడు మా అమ్మగారి ఊరు, లేచేసరికి వేరే రాజ్యం' అనేది. మీకు పుట్టినరోజు, ఆమెకు ఇల్లు పంపకాలైన రోజు.

పైగా రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణకు వేసిన ఫజల్ అలీ కమిషన్ ఏం చెప్పింది? తెలంగాణను కొన్నాళ్లు హైదరాబాద్ రాష్ట్రంగానే ఉంచి, 1961 ప్రాంతంలో వచ్చే ఎన్నికల తర్వాత శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే కలపమన్నది. ఆగలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం అని రాసుకుని కలిపేశారు. ఆ ఒప్పందం ఎట్లా అమలైందో 1969 తెలంగాణ ఉద్యమంలో రోడ్ల మీద తెలిసింది. ఇక్కడ గొడవ పెట్టడం నా ఉద్దేశం కాదు. ఆ బ్యానర్ కింద మాత్రం నా పేరు వేయకండి.

పెసరట్టు ప్రియుడు

ఇదంతా ఎందుకండీ, అక్టోబర్ 1 పెట్టుకోండి. 1953 అక్టోబర్ 1న కర్నూలులో ఆంధ్ర రాష్ట్రం పుట్టినప్పుడు 11 జిల్లాలు. ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి. ఆఫీసులకు కట్టడాలు చాలక గుడారాలు వేసుకుని పని మొదలుపెట్టారు. 2014 తర్వాత మిగిలిన ఆంధ్రప్రదేశ్ పటం పక్కన ఆ పటం పెట్టి చూడండి, దాదాపు అదే బొమ్మ. భద్రాచలం అప్పట్లో తూర్పు గోదావరి జిల్లా, 1959లో ఖమ్మానికి ఇచ్చారు. విభజనప్పుడు చుట్టుపక్కల మండలాలు వెనక్కి వచ్చాయి, రాముడు మాత్రం అక్కడే ఉండిపోయాడు. అలాంటివి కొన్ని తప్పిస్తే మనది మనకే ఉంది. ఓరుగల్లు వాళ్లతో పేచీ లేదు, రాజ్యోత్సవంతో పోటీ లేదు. మర్నాడు గాంధీ జయంతి సెలవు కూడా. రాత్రి ఎంతసేపైనా పాటలు పాడుకోవచ్చు.

రాయదుర్గం బండి

పెసరట్టు అన్నకు కోస్తా నుంచి చూస్తే అంతా నున్నగానే కనబడుతుంది.

మాది రాయదుర్గం. అప్పట్లో మేము బళ్లారి జిల్లా. 1953 అక్టోబర్ 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు ఉంచి, బళ్లారిని, మిగతా తాలూకాలను మైసూరుకు ఇచ్చేశారు. మా తాతకు కోర్టు బళ్లారి, సంత బళ్లారి, పంటి నొప్పి వచ్చినా బళ్లారి. ఆ పొద్దు నుంచి అనంతపురం మా జిల్లా అయింది. చచ్చేదాకా ఆయన 'జిల్లాకు పోయొస్తా' అంటే బళ్లారికే. మీ పుట్టినరోజు మా ఇంట్లో అట్లా గుర్తుంది. అందుకే నవంబర్ 1 అంటున్నా. ఆంధ్రప్రదేశ్ అనే పేరు వచ్చింది ఆ రోజే, ఇప్పటికీ ఆ పేరే ఉంది.

ముళబాగిలు చెల్లెలు చెప్పింది ఒప్పుకుంటా. చలవ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. పండగ మాట తీసుకోను.

గాజువాక బస్సు

ఎవరూ అనలేదు కాబట్టి నేను రాస్తున్నాను. 1966 నవంబర్ 1. ఆంధ్రప్రదేశ్‌కు సరిగ్గా పదేళ్లు నిండిన రోజు. విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ కోసం రోడ్డెక్కిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. చిన్న పిల్లలు కూడా పోయారు. ఆ ఉద్యమంలో రాష్ట్రం మొత్తం మీద 32 మంది చనిపోయారని మా ఊళ్లో ఏ పెద్దవాళ్లను అడిగినా చెబుతారు. నేను పెరిగింది ఆ ఫ్యాక్టరీ జీతం మీదే. నవంబర్ 1న మైకులో పాటలు పెట్టి కేకు కోద్దాం రమ్మంటే నాకు కాళ్లు కదలవు. చేసుకునేవాళ్లను వద్దనను. రెండు నిమిషాలు వాళ్లనూ తలచుకోండి, అంతే.

మోడరేటర్

బెంగళూరును ఎవరు కట్టారు, ఐపీఎల్‌లో ఎవరు గెలిచారు అన్న రెండు వ్యాఖ్యలు తీసేశాను. దానికి వేరే చర్చ పెట్టుకోండి.

హోసూరు రోడ్డు

నేను చెన్నైలో పదేళ్లు ఉండి ఇక్కడికి వచ్చాను. తమిళనాడు సంగతి చూడండి. అక్కడ నవంబర్ 1న తమిళనాడు దినం అని 2019లో మొదలుపెట్టారు. 2021లో ప్రభుత్వం మారాక, అది కాదు, జూలై 18 అన్నారు. 1967లో ఆ రోజు అన్నాదురై ప్రభుత్వం మద్రాసు రాష్ట్రానికి తమిళనాడు అని పేరు పెట్టాలని సభలో తీర్మానం చేసింది. నవంబర్ 1ని సరిహద్దు పోరాటంలో పోయినవాళ్లను తలచుకునే రోజుగా ఉంచారు. ఆంధ్రలో కూడా విభజన తర్వాత కొన్నేళ్లు అవతరణ దినం మానేసి జూన్ 2న నవనిర్మాణ దీక్ష చేశారు, 2019లో మళ్లీ నవంబర్ 1కి వచ్చారు. ప్రభుత్వాలే ఇట్లా అటూ ఇటూ జరుపుతుంటే, మన క్లబ్‌హౌస్‌లో తేదీ మారితే ఏ ఆకాశం ఊడిపడుతుంది?

ఇంకో తమాషా. యానాంలో తెలుగువాళ్లు నవంబర్ 1న జెండా ఎగరేస్తారు, ఆంధ్రప్రదేశ్ కోసం కాదు. 1954లో ఆ రోజు పుదుచ్చేరితో పాటు యానాం కూడా ఫ్రెంచివాళ్ల చేతుల్లోంచి మన చేతికి వచ్చింది. గోదావరి ఒడ్డున అదే భాష, అదే పులస కూర, పండగ మాత్రం వేరు.

ముళబాగిలు చింతచెట్టు

నాకు తోచింది చెబుతా. తులసక్కా, నవంబర్ 1న ఒక తెలుగాయన కూడా పుట్టారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి, 1897. పిఠాపురం పక్క ఊరాయన, కాలం చేసింది మద్రాసులో. ఆయన పాట పాడితే జూన్ 2 వాళ్లకూ అభ్యంతరం ఉండదు, అక్టోబర్ 1 వాళ్లకూ ఉండదు. పొద్దున రాజ్యోత్సవానికి అందరం పోదాం. నిలబడి నాడగీతె పాడదాం, నోరు ఊరికే కదపడం కాదు, నేర్చుకుని. సాయంత్రం మీ ఇంట్లోనో మేడ మీదో నాలుగు కృష్ణశాస్త్రి పాటలు. బ్యానరూ వద్దు, మైకూ వద్దు.

రాయదుర్గం బండి

పాటలకు వస్తా. కానీ ఇది తప్పించుకోవడమే చెల్లీ. రాష్ట్రం పేరెత్తడానికి భయపడి కవిని ముందు నిలబెట్టడం. ఈ మాట మీద నన్ను మార్చలేవు.

ఓరుగల్లు దారి

పాటలకు నేనూ వస్తా. చందా కూడా ఇస్తా. మా అమ్మ సకినాలు పంపిస్తది.

గాజువాక బస్సు

నాకు ఆ రోజు సెకండ్ షిఫ్ట్. కుదిరితే చూస్తాను.

బాల్కనీ తులసి

అందరికీ థ్యాంక్స్. మా గ్రూపులో ఇదంతా చెప్పాను. ఓటింగులో కృష్ణశాస్త్రి గెలిచారు గానీ పదకొండు మంది అలిగి గ్రూపులోంచి బయటికి వెళ్లిపోయారు. అందులో మా ఆయన కూడా ఉన్నారు, రాత్రి భోజనానికి మాత్రం వచ్చారు.

అసోసియేషన్ పెద్దాయన్ను కలిశాను. పొద్దున టిఫిన్లలో ఒక బల్ల మాకు ఇస్తామన్నారు, ఉగ్గాణి పెడతాం. గేటు దగ్గర రాజ్యోత్సవ ఫ్లెక్సీ ఖర్చు కూడా మేమే పెట్టుకుంటామన్నాను. ఆయన ఒక్క నిమిషం నా వైపు చూసి, 'పెట్టుకోండి, కానీ ప్రింటుకు ముందు నాకు చూపించండి' అన్నారు.

ముళబాగిలు చింతచెట్టు

ఆయనకంటే ముందు నాకు పంపండి. కన్నడ కీబోర్డులో నేను కొట్టి ఇస్తా. షాపులో ఒక్కటి చూసుకోండి: 'క' మీద టిక్కు మార్కు కనబడితే అది మనది. అడ్డగీత ఉంటే వాళ్లది.