మిషనరీ అక్కావాళ్లు ఏడాదికి ఇంటికొస్తున్నారు, పిల్లాడి పదో క్లాస్ ఎట్టా చేయాలి?

అందరికీ వందనాలండి. మాది ఒంగోలు. మా అక్కా బావా ఉగాండాలో మిషనరీలు, జూన్‌లో ఏడాది పాటు ఇంటికొస్తున్నారు. 1866లో మిషనరీ క్లౌ దొరగారు అమెరికా నుంచి మా ఊరొచ్చి పనిచేశారు, ఇప్పుడు మనోళ్లు ఇక్కణ్ణుంచి ఆఫ్రికా పోతున్నారంటే నాకు చాలా సంతోషం, కానీ వాళ్లు తిరిగొస్తే మీకేం కావాలని అడిగేవాళ్లే ఉండరు.

పెద్దోడు అక్కడ తొమ్మిదికి సమానమైన క్లాస్ చదువుతున్నాడు, తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ చదవలేడు. ఇక్కడ స్టేట్ సిలబస్ అంటే తెలుగు పేపర్ భయం, సీబీఎస్‌ఈ అంటే తొమ్మిదిలోనే బోర్డు రిజిస్ట్రేషన్ అయిపోద్దంట, అందుకని ఎన్‌ఐఓఎస్‌లో (కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్) కట్టిస్తే ఐదు సబ్జెక్టులు, భాష కూడా మనమే ఎంచుకోవచ్చు కదా అని అక్క అంటోంది. నాన్నకి మాత్రం ఓపెన్ స్కూల్ అంటే నమ్మకం లేదు, రేపు ఇంటర్‌లో సీటు ఇవ్వరేమో అని ఒకటే దిగులు. ఎన్‌ఐఓఎస్ పది పాసై నెల్లూరులో గానీ ఒంగోల్లో గానీ ఇంటర్ చేరిన పిల్లలు ఎవరన్నా ఉన్నారా? కాలేజీలో ఏమేం కాగితాలు అడిగారు?

ఇంకోటి, పోయినసారి వచ్చినప్పుడు కందుకూరు, కనిగిరి, కావలి అని ప్రతి ఆదివారం చర్చిల్లో సాక్ష్యం చెప్పమని పిలుపులే, బావ బాగా నలిగిపోయాడు, అక్కకి అప్పుడే మలేరియా తగ్గింది. మొదటి రెండు నెలలన్నా రెస్ట్ ఇవ్వమని పాస్టర్లకి, పెద్దలకి మనసు నొచ్చుకోకుండా ఎట్టా చెప్పాలి? మీ ఇంట్లో మిషనరీలు ఉంటే దయచేసి చెప్పండి.