మందాజీ పొంగట్లేదు, పైన మాడి లోపల పచ్చిగా ఉంటోంది

దారుస్సలాం (కొత్తగా వచ్చినవారు):
ఇక్కడ టాంజానియాలో టీ కొట్లో దొరికే మందాజీ (నూనెలో వేయించే తియ్యటి, పొంగిన పిండి ముక్కలు) ఇంట్లో ప్రయత్నిస్తున్నాను. గోధుమపిండి, బేకింగ్ పౌడర్, కొబ్బరిపాలు వేశాను. పొంగట్లేదు, లోపల పచ్చిగా ఉంటోంది. ఎక్కడ తేడా వస్తోందండీ?

మొంబాసా నుంచి:
ముందు ఆ ఆటా పక్కన పెట్టేయండమ్మా, దీనికి మైదాయే కావాలి. కొట్లో ‘ఉంగా వా న్గానో’ అంటే ఇస్తారు. ఈస్ట్‌కి ‘హమీరా’ అని అడగండి.

అరకిలో మైదాకి 100 గ్రాముల పంచదార, 7 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, అర టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను యాలకుల పొడి. యాలకులు అప్పటికప్పుడు దంచితేనే ఆ వాసన, ప్యాకెట్ పొడి దండగ. కొబ్బరిపాలు 270 మి.లీ. దాకా పడతాయి, ఒకేసారి పోసెయ్యకండి. పాలు గోరువెచ్చగా చాలు, వేలు పెడితే చురుక్కుమనేంత వేడైతే ఈస్ట్ చచ్చిపోతుంది. పిండి పూరీపిండి కన్నా బాగా మెత్తగా, చేతికి కాస్త అంటుకుంటూ ఉండాలి. అంటుకుంటోందని పొడిపిండి చల్లుకుంటూ పోతే గట్టి బిళ్ళలే వస్తాయి. 10 నిమిషాలు గట్టిగా మర్దించి మూత పెట్టండి. మీ ఊరి ఉక్కకి గంటలో రెట్టింపవుతుంది.

5 ఉండలు చేసి, ఒక్కోటి సెంటీమీటరుకి కాస్త తక్కువ మందంలో ఒత్తి, నాలుగు ముక్కలుగా కోయండి. కోసిన ముక్కల మీద గుడ్డ కప్పి ఇంకో 20 నిమిషాలు ఆగాలి. అందరూ ఎగ్గొట్టేది ఇక్కడే. ఒత్తినప్పుడు లోపలి గాలి పోయి పిండి బిగుసుకుంటుంది, మళ్ళీ సాగే గుణం రావడానికే ఈ ఆగడం.

నూనె 170 డిగ్రీలు. థర్మామీటర్ లేకపోతే చిటికెడు పిండి వేసి చూడండి: అడుగుకి వెళ్ళి, మెల్లగా పైకి తేలాలి. వేసీ వేయగానే ఎర్రబడితే మంట ఎక్కువైనట్టే. ఇందులో పంచదార ఉంది కాబట్టి రంగు త్వరగా వచ్చేస్తుంది, లోపల ఉడకదు. మీకు జరుగుతున్నది అదే. ముక్క వేయగానే గరిటెతో వేడి నూనె పైన పోస్తూ ఉంటే బుస్సున పొంగుతుంది, అప్పుడు తిప్పండి.

నైరోబీ నుంచి:
మా దగ్గర కొబ్బరిపాలు తక్కువండీ. మామూలు పాలు, అరకిలోకి 3 టీస్పూన్ల బేకింగ్ పౌడర్, ఒక గుడ్డు, అరగంట నానితే చాలు. అది బొద్దుగా, లోపల బన్నులా వస్తుంది. బోలుగా పొంగాలంటే మాత్రం పైవారు చెప్పిన కెన్యా కోస్తా పద్ధతే (దాన్ని వాళ్ళు మహమ్రి అంటారు). అది ఇక్కడ చేసేవాళ్ళు ఈస్ట్ 5 గ్రాములకి తగ్గించండి. నైరోబీ సుమారు 1,700 మీటర్ల ఎత్తు, గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి పిండి తొందరగా ఉబ్బి కూలబడుతుంది. గడియారం కాదు, గిన్నె చూడండి.

దారుస్సలాం:
నూనె కూడా బాగా పీలుస్తోందండీ.

మొంబాసా నుంచి:
మంట మరీ తగ్గిస్తే అంతే, లేదా ఎక్కువసేపు పులిసి ఉంటుంది. బాండీలో నాలుగైదుకి మించి వేయకండి, నూనె చల్లబడుతుంది. ముక్కలకి అంటిన పొడిపిండి దులిపి వేయండి, లేకపోతే అది మాడి రెండో వాయికే నూనె చేదెక్కుతుంది.

నంజుకోవడానికి ఇక్కడివాళ్ళు చేసేది మన కందులే, కొబ్బరిపాలలో. రాత్రి నానబెట్టి మెత్తగా ఉడికించి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి, చిక్కటి పాలు చివర్లో పోసి సన్నమంట మీద ఉంచాలి. తెర్లనివ్వకండి, పాలు విరుగుతాయి. పోపు అక్కర్లేదు.