"మౌనం అర్ధాంగీకారం" వార్డులో చెల్లుతుందా?

నర్సింగ్ ట్యూటర్: మొదటి ఏడాది పిల్లల కోసం వృత్తి విలువల పాఠం తెలుగులో రాస్తున్నాను. రోగి సమ్మతి గురించి చెప్పేచోట "మౌనం అర్ధాంగీకారం" అన్న నానుడి పెట్టి, ఆస్పత్రిలో అది చెల్లదని చెప్పాలనుకుంటున్నాను. ఇంతకీ అది అర్ధమా, అర్థమా? ఆపరేషన్‌కి ముందు రోగి సంతకం పెట్టే ఫారం మీద అంగీకారం, సమ్మతి, అనుమతి, ఒప్పుకోలు, వీటిలో ఏది నయం?

తెలుగు మాస్టారు: 'ధ' రాయాలమ్మా. అర్ధం అంటే సగం. అర్ధ, అంగీకారం కలిస్తే సవర్ణదీర్ఘ సంధి. చాలామంది 'థ' రాసేస్తారు, అప్పుడు నానుడిలో అసలు సంగతైన 'సగం' పోతుంది. తనది కానిదాన్ని తనలో అంగంగా చేసుకోవడం అంగీకారం. స్వీకారం కూడా అలా కుదిరిన మాటే. అనుమతి పెద్దలు పిన్నలకు ఇచ్చేది, ఫారం మీద చూస్తే ఆస్పత్రివాళ్లే ఏదో ఇస్తున్నట్టు ఉంటుంది. ఒప్పుకోలు అనగానే నేరం గుర్తొస్తుంది. సమ్మతిలో మతి ఉంది కాబట్టి నా మొగ్గు దానికే.

థియేటర్ సిస్టర్: మాస్టారూ, రోగులు మౌనంగా ఉండటం తక్కువే. "మీ ఇష్టం సార్", "మీరెలా చెబితే అలా", లేదంటే "ఊఁ" అంటారు. ఇవి మౌనం కన్నా ప్రమాదం, ఎందుకంటే ఒప్పుకున్నట్టే వినిపిస్తాయి. ట్యూటర్ గారూ, "అర్థమైందా?" అని అడగొద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి. దానికి వచ్చే జవాబు "ఊఁ" ఒక్కటే. "డాక్టరు గారు మీకు ఏం చేస్తామన్నారో మీ మాటల్లో చెప్పండమ్మా" అని అడగాలి. ఆవిడ "గడ్డ తీస్తారంట" అంది, కాగితం మీద గర్భసంచి తీసివేత అని ఉంది అనుకోండి. అక్కడే ఆగాలి. సంతకం తీసుకోకూడదు, నర్సు తనే వివరించి సర్దేయకూడదు. సర్జన్‌ని పిలవాలి. ఆపరేషన్‌లో ప్రమాదాలేమిటో, వేరే దారులేమిటో, చేయించుకోకపోతే ఏమవుతుందో చెప్పాల్సింది ఆయనే. రోగి అన్న మాట అన్నట్టుగా, టైముతో సహా నర్సెస్ నోట్స్‌లో ఎక్కించాలి. ఇంకొకటి, ఆపరేషన్‌కి ముందు మత్తు కలిగించే మందు (ప్రీమెడికేషన్) ఇచ్చాక తీసుకున్న సంతకాన్ని నమ్మలేం. థియేటర్‌కి పంపే హడావుడిలో ఎక్కువగా తప్పేది ఈ వరసే.

ఆస్పత్రి న్యాయవ్యవహారాలు చూసేవారు: సిస్టర్ చెప్పిన గర్భసంచి ఉదాహరణకు దగ్గరి తీర్పే ఉంది. సమీరా కోహ్లీ కేసు, సుప్రీంకోర్టు, 2008. ఆవిడ లాపరోస్కోపీ పరీక్షకు (చిన్న రంధ్రంలోంచి కెమెరా గొట్టం పంపి పొట్టలోపల చూడటం), అవసరమైతే పొట్ట కోసి చూడటానికి సంతకం పెట్టారు. మత్తులో ఉండగా బయట ఉన్న తల్లి దగ్గర మాట తీసుకుని గర్భసంచి తీసేశారు. రోగి మేజరు, ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి కాదు, అందువల్ల తల్లి సమ్మతి చెల్లదని కోర్టు తేల్చింది. మన దగ్గర "ఇంటాయన్ని పిలవండి, సంతకం పెట్టాలి" అనడం అలవాటైపోయింది. పద్దెనిమిదేళ్లు నిండి, తెలివిలో ఉన్న మనిషి సంతకం ఆ మనిషిదే.

నర్సింగ్ ట్యూటర్: మరి బీపీ చూస్తామంటే మాట్లాడకుండా చెయ్యి చాపుతారు కదా, అది మౌనాంగీకారం కాదా?

థియేటర్ సిస్టర్: అవును, అక్కడ చెల్లుతుంది. కానీ ఆ చెయ్యి బీపీకే చాపారు. ముక్కులోంచి గొట్టం వేసేటప్పుడు మొహం తిప్పుకున్నా, చెయ్యి తోసేసినా మాట లేకపోయినా అది "వద్దు" అనే. ఆపి మాట్లాడాలి.

ఆస్పత్రి న్యాయవ్యవహారాలు చూసేవారు: రక్తానికి చెయ్యి చాపినంత మాత్రాన అందులోంచి హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదు. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం దానికి కౌన్సెలింగ్‌తో పాటు విడిగా సమ్మతి అడుగుతుంది.

తెలుగు మాస్టారు: అయితే ఫారంలో వాక్యం ఇలా ఉంటే? "నాకు ఏం చేయబోతున్నారో, అందులో ప్రమాదాలేమిటో, వేరే మార్గాలేమిటో, చేయించుకోకపోతే ఏమవుతుందో డాక్టరు నాకు తెలిసిన భాషలో చెప్పారు. నేను అడిగినవాటికి జవాబిచ్చారు. ఎప్పుడైనా వద్దనవచ్చని నాకు తెలుసు. ఇష్టపూర్వకంగా సమ్మతిస్తున్నాను."

థియేటర్ సిస్టర్: బాగుంది మాస్టారూ. 'డాక్టరు' దగ్గర పేరు రాయడానికి ఖాళీ వదలండి, ఎవరు వివరించారో తెలియాలి. ఆపరేషన్ పేరు 'హిస్టరెక్టమీ' అని ఒక్కటే రాసి వదలకుండా పక్కనే 'గర్భసంచి తీసివేయడం' అని ఉండాలి. చదవడం రానివారికి సాక్షి ఎదుట మొత్తం చదివి వినిపించాకే వేలిముద్ర. ఆ సాక్షి ఆస్పత్రి సిబ్బంది కాకపోతే మరీ మంచిది.