సవర బొమ్మల గోడ పెచ్చులూడుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: విజయనగరంలో బడి ప్రహరీ గోడ, 40 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తు. పాత సున్నం మీదే ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే గోడ రంగు) వేసి సవర గిరిజనుల బొమ్మలు గీశారు. వానలకు రంగు లేచిపోయింది, కింది రెండడుగుల్లో మరీ ఎక్కువ. మళ్లీ వేయాలంటే రంగు ఎంత పడుతుంది?

జవాబు: లోపం రంగుది కాదండీ, సున్నానిది. వేలితో రుద్దితే పొడి అంటుకునే గోడమీద ఏదీ నిలవదు. ఇనప బ్రష్‌తో గట్టి పొర తగిలేదాకా గీకండి. తర్వాత ఎక్స్‌టీరియర్ ప్రైమర్ (బయటి గోడలకు రంగు కంటే ముందు వేసే పూత) ఒక కోటు, ఎమల్షన్ రెండు కోట్లు, మధ్యలో కనీసం 4 గంటలు. మీ 200 చదరపు అడుగులకు ఎమల్షన్ 4 లీటర్లు తెచ్చుకోండి.

కింది భాగం సంగతి వేరు, అది నేల చెమ్మ. నీటితోపాటు ఉప్పు పైకొచ్చి రంగును తోసేస్తుంది. తెల్లటి ఉప్పును పొడి బ్రష్‌తోనే దులపండి, తడిపితే మళ్లీ లోపలికే పోతుంది. గోడకు ఆనిన మట్టి తీసేయండి. ఆ రెండడుగుల్లో బొమ్మలు మాత్రం వద్దు.

జవాబు: మళ్లీ ప్లాస్టరింగ్ చేయిస్తే రంగు వేసేముందు 28 రోజులు ఆగాలి. అక్టోబరు, నవంబరు తుఫాన్లు దాటాక, జనవరిలో మొదలుపెట్టండి.

జవాబు: నేపథ్యానికి మెరుపులేని ఎర్రమట్టి రంగే వేయండి. అసలు పద్ధతిలో ఎర్రమట్టి అలికిన గోడమీద బియ్యప్పిండి తెలుపుతో, వెదురుపుల్లతో గీస్తారు. ముందు చట్రం, లోపల మనుషులూ జంతువులూ చెట్లూ. ఇది సవరలకు పూజకు సంబంధించినది, అలంకారం కాదు. సీతంపేట వైపు సవర చిత్రకారులను పిలిచి, కూలి ఇచ్చి గీయించండి.