డైరీ రాస్తే చివరికి తిట్లే మిగులుతున్నాయి

లెక్కల టీచర్:
జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్తాను. పద్నాలుగేళ్ల సర్వీసు. నన్ను నేను సరిదిద్దుకుందామని జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి రోజూ డైరీ రాస్తున్నాను. ఇవాళ మొదటి నుంచి చదివితే "నేను టీచర్‌గా పనికిరాను" అని పదకొండు చోట్ల ఉంది. ఎందుకు పనికిరానో మాత్రం ఒక్కచోటా లేదు.

మొన్న గురువారం ఆరో పీరియడ్‌లో ఒక పిల్లాణ్ణి బోర్డు దగ్గరికి పిలిచాను. సమీకరణంలో పక్షాంతరం చేస్తూ 5ని అటు తీసుకెళ్లి గుర్తు మార్చలేదు. అది నాలుగోసారి. "బుర్రలో ఏముందిరా, మట్టా?" అన్నాను. క్లాసంతా నవ్వింది. వాడూ నవ్వాడు గానీ చేతిలో చాక్‌పీసు రెండు ముక్కలైంది. శుక్ర, శనివారాలు బడికి రాలేదు.

గురువారం రాత్రే రెండు పేజీల నిండా నన్ను నేను చెడామడా తిట్టుకున్నాను. రాసి పడుకుంటే హాయిగా నిద్ర పట్టింది. నాకు భయమేసింది అందుకే. మా ఆయన "వదిలేయ్, టీచర్లన్నాక అంటూనే ఉంటారు" అంటారు. వదిలేస్తే మళ్లీ అంటాను. వదలకపోతే ఇదీ వరస. మీరెవరైనా ఎలా రాస్తున్నారు?

నైట్ డ్యూటీ:
మేడమ్, నేను స్టాఫ్ నర్సుని. ఒకసారి ఇన్సులిన్ ఆలస్యంగా ఇచ్చాను. ఇన్సిడెంట్ రిపోర్టులో "నా నిర్లక్ష్యం వల్ల" అని రాస్తే మా సీనియర్ సిస్టర్ కొట్టేయించింది. "జరిగింది రాయి, టైములు వెయ్యి" అంది. టైములు వేస్తే తేలింది, డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్ చెప్తుంటే నేను ఫోన్ చూసుకుంటున్నానని. తప్పు నాదే. కాకపోతే ఎక్కడ జరిగిందో దొరికింది.

గోదారి గట్టు:
మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఈథన్ క్రాస్ అనే సైకాలజిస్టు బృందం 2014లో ఒక పరిశోధన ప్రచురించింది. తమతో తాము మాట్లాడుకునేటప్పుడు "నేను" అనకుండా పేరుతోనో "నువ్వు" అనో పిలుచుకున్నవాళ్లు టెన్షన్‌ని మెరుగ్గా తట్టుకున్నారట. నేనూ చేసి చూశాను. మన తెలుగులో "నువ్వు" అనగానే నాకు తిట్టే ఊపు వస్తోంది! అందుకే "ఏమండీ, పొద్దున ఎందుకలా అరిచారు?" అని రాసుకుంటున్నా. నవ్వొస్తుంది, కానీ జవాబు కూడా వస్తుంది.

రిటైర్డ్ హెచ్చెమ్:
డైరీ సంగతి తర్వాత చూద్దాం గానీ, పిల్లాడితో మాట్లాడావా అమ్మా? విద్యా హక్కు చట్టం, 2009లో 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ కూడదంటుంది. నిన్ను భయపెట్టాలని కాదు, చిన్న మాటే కదా అని సర్దుకోవద్దని. క్లాసులో అన్నదానికి స్టాఫ్‌రూమ్‌లో సారీ చెప్తే చెల్లదు.

లెక్కల టీచర్:
సోమవారం వాడొచ్చాడు. మేనమామ పెళ్లికెళ్లాడట! రెండు రోజులూ అంతా నా వల్లేనని నేను కుమిలిపోయాను. అసలు జరిగింది వేరే. వెనక బెంచీలో వాణ్ణి "మట్టీ" అని పిలుస్తున్నారు. అది మాత్రం నా వల్లే.

క్లాసులోనే చెప్పాను, ఆ మాట అనకూడదు, తప్పు నాదని. వాడు తల వంచుకుని నోట్‌బుక్ అట్ట గీకుతూ కూర్చున్నాడు. రాత్రి డైరీలో "మీరు" అని మొదలుపెడితే నాలుగే లైన్లు వచ్చాయి: గురువారం మీరు మధ్యాహ్నం తినలేదు, మార్కుల ఎంట్రీతో సరిపోయింది. 5 గుర్తు ఎందుకు మారుతుందో త్రాసు బొమ్మతో ఒక్కసారీ చూపించలేదు. నాలుగుసార్లూ రూలే చెప్పారు. క్లాసు నవ్వుతుంటే ఆపలేదు.

ఇవాళ త్రాసు గీశాను. ఇద్దరు ఇంకా వాణ్ణి అలాగే పిలుస్తున్నారు.